స్టెల్లా పెన్‌డ్రైవ్

ఇన్నేళ్లుగా దీన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్నెరగరు. ఇప్పటికీ ఫోన్ మోగితే ముందు వచ్చే ఆలోచన ఒక్కటే. తెలిసిపోయిందా? ఎవరు చెప్పారు?

అప్పట్లో రోజూ మారికుప్పం రైలెక్కి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లేవాణ్ని. ఆదివారాలు రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఎక్స్‌రే సెంటర్ కంప్యూటర్లు చూసేవాణ్ని. మా ఊరి బంగారు గనులు మూతపడినా ఆ దుమ్ము ముసలి కార్మికుల ఊపిరితిత్తుల్లో అలాగే ఉండిపోయింది. పాత ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టి చూస్తేనే జబ్బు ఎంత ముదిరిందో డాక్టరుగారికి తెలిసేది. ఎక్స్‌రే మిషన్ ఇచ్చిన పటాలకు పేషెంట్ల పేర్లు పెట్టి ఒకే ఫోల్డర్‌లోకి చేర్చే స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, నేనే రాశాను. దాని గురించి కాస్త గొప్పలు కూడా పోయేవాణ్ని.

యాంటీవైరస్‌కు అది నచ్చలేదు. గబగబా ఫైళ్ల పేర్లు మార్చి పాతవి చెరిపేసేది వైరస్సే కదా, అది పొరబడటంలో తప్పేముంది? పొద్దున్నే ఎర్ర హెచ్చరిక చూపించి నా స్క్రిప్ట్‌ను ఆపేసేది. అక్కడి ఆపరేటర్ పేరు మార్చి స్టెల్లా అంటాను. నేను రైల్లో వేలాడుతుండగా ఫోన్ చేసేది. "అన్నా, మళ్లీ ఎర్రగా వచ్చినాది. బయట జనం కాచుకోని ఉండారు."

స్క్రిప్ట్‌ను సరిగా తిరగరాయాలి. లేదా ఆ ఒక్క ఫైలును మాత్రమే వదిలెయ్యమని యాంటీవైరస్‌కు చెప్పాలి. నాకు తెలుసు. కానీ విసుగెత్తిపోయి, ఒక ఆదివారం యాంటీవైరస్ ఆ ఎక్స్‌రేల ఫోల్డర్ మొత్తాన్నీ చూడకుండా సెట్టింగ్ పెట్టేశాను. ఇక్కడ ఏం పెట్టినా ఎర్రగా రాదమ్మా అని స్టెల్లాకు ధీమాగా చెప్పి, ఇంటికెళ్లి బిర్యానీ తిన్నాను.

క్రిస్మస్ ముందు ఆమె తన చర్చి పాటలు ప్రింట్ తీసుకోవడానికి పెన్‌డ్రైవ్ తెచ్చింది. నేను చెప్పిన ఫోల్డర్‌లోనే వాటిని దించింది. పాటలతో పాటు వైరస్ కూడా దిగింది. మర్నాటికి ఒక్క ఎక్స్‌రే కూడా తెరుచుకోలేదు. వేరేచోట కాపీ లేదా అంటారా? లేదు. అది తీసిపెట్టాల్సిన పనీ నాదే.

కబురందగానే పరుగెత్తాను. డాక్టరుగారు వచ్చేలోపు సెట్టింగులు తెరిచి, ఆ ఫోల్డర్‌ను చూడొద్దని నేను పెట్టినదాన్ని చెరిపేశాను. ఆయన అడిగితే "పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది సార్" అన్నాను. అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోటికొచ్చింది. స్టెల్లాను ఆ రోజే పనిలోంచి తీసేశారు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి నావైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా కేబుళ్లు సర్దుతూ కూర్చున్నాను.

ఎందుకలా చేశాను? నాకు తిండి బెంగళూరు ఉద్యోగం పెడుతోంది. నిజం చెబితే నాకు పోయేది కంప్యూటర్లు బాగా తెలిసినవాడన్న పేరు ఒక్కటే. ఆమెకు ఆ ఉద్యోగమే ఆధారమని తెలిసీ, ఆ పేరు కోసం ఆమెను బలిపెట్టానంటే నేనెలాంటివాణ్ని?

పోయిన వేసవిలో మారికుప్పం స్టేషన్‌లో ఎదురైంది. తప్పించుకోబోయాను. ఆమే నవ్వుతూ వచ్చింది.

"బాగుండావా అన్నా? ఆ ముసలోళ్ల పటాలు నా వల్ల పోయినాయని శానా దినాలు నిద్ర పట్టలేదు. చర్చిలో పాపసంకీర్తనానికి పోయి ఫాదర్‌తో తప్పు ఒప్పుకున్నానన్నా. ఇప్పుడు మనసు తేలికగా ఉండాది."

"మంచిదమ్మా" అన్నాను.

అంతే అన్నాను. నా పాపానికి ఆమె మోకరిల్లి క్షమాపణ అడిగి వస్తే, మంచిదమ్మా అన్నాను.

ఆమెకు ఎప్పటికైనా చెప్పగలనా? తెలియదు. ఇక్కడ మాత్రం చెబుతున్నాను. హెచ్చరిక రాకుండా చేసింది నేను. ఆ జాడ చెరిపింది నేను. స్టెల్లా ఏ పాపమూ చెయ్యలేదు.