గొలుసుకట్టు

మైపాడు వైపు పల్లెలన్నిటికీ దస్తావేజులు రాసిపెట్టే దరియావలిది గొలుసుకట్టు రాత. పంక్తి మొదట్లో ఆనించిన కలాన్ని పంక్తి చివరగానీ ఎత్తేవాడు కాదు. అక్షరాలన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచేవి. 1960 దాటేసరికి, బళ్లో విడివిడిగా రాయడం నేర్చిన కుర్రకారుకు ఆ రాత కొరుకుడుపడలేదు. దాంతో రాయించుకునేవాళ్లే కరువయ్యారు. చివరికి ఇంటిస్థలం అమ్ముకోవాల్సి వచ్చింది.

రిజిస్ట్రాఫీసులో అతను పెట్టిన సంతకాన్ని కొత్త గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సాయిబూ ఈ పిచ్చిగీతలు? రాత రాదని ముందే చెప్తే పోయేది గదా!" అంటూ ఇంకుప్యాడు ముందుకు తోశాడు.

"ఊరందరికీ రాసిపెట్టినోణ్ణి నాయనా..."

"ఎనకాల జనం ఉండారు. వేలిముద్ర వెయ్యి."

దరియావలి బొటనవేలు కాగితం మీద ఆనించాడు. చేతికి పాత అలవాటేమో, ఎత్తలేదు.

"ఇంక చాల్లే, ఎత్తు!" అని కసిరాడు గుమాస్తా.