సముద్రానికి అర టికెట్టు

బస్సు చార్జీలు పెంచే పెద్దమనుషులెవరో నాకు తెలియదు. తెలిస్తే వాళ్ళను యేసురత్నం పక్కన కూర్చోబెట్టి ఉదయగిరి నుంచి కావలి దాకా పంపాలని ఉంది. నేను ఆయన ఎదురింటివాణ్ణి, అందుకే ఈ ఉక్రోషం.

ఉదయగిరి చుట్టుపక్కల బావిలో ఏది పడినా యేసురత్నానికే కబురు. బొక్కెన, బిందె, మోటారు పైపు కొసన ఉండే ఫుట్‌వాల్వు, ఒక్కోసారి మనిషి. గాలానికి చిక్కనివన్నీ ఊపిరి బిగబట్టి మునిగి ఆయనే తీసేవాడు. ఆ పనిలో కళ్ళు ఎర్రబారిపోయాయి, చెవుల్లో ఎప్పుడూ హోరు. గట్టిగా పిలిస్తే తప్ప పలికేవాడు కాదు.

ఏటా ఎండాకాలంలో భార్య లిదియమ్మనూ కూతురు షైనీనీ వెంటబెట్టుకుని కావలి దగ్గర తుమ్మలపెంట సముద్రానికి పోయేవాడు. డబ్బున్నోళ్ళు ఊటీ పోయినట్టు పోతున్నాడని మా వీధంతా నవ్వేది. అక్కడ అలలు దాటి లోపలికి పోయి, మునిగి, చాలాసేపటికి తేలేవాడు.

"బావిలో మునిగితే ఏందో ఒకటి పట్టుకోనే పైకి రావాల. సముద్రంలో అయితే వట్టి చేతుల్తో రావచ్చు" అనేవాడు నాతో. ఆయన సుఖమంతా ఆ వట్టి చేతుల్లోనే ఉండేది.

చార్జీలు పెరిగాయి. మోకాళ్ళ నొప్పులని లిదియమ్మ ఇంట్లో ఆగిపోయింది. నొప్పులు నిజమేలెండి, కానీ చార్జీలు పెరిగినప్పుడల్లా అవీ పెరగడం చూస్తే నాకు మనసు కలుక్కుమనేది. తర్వాత షైనీ కూడా ఆగిపోయింది. పసితనంలో చూసిన సముద్రం ఆ పిల్లకు గుర్తే లేదు.

తొంభై ఆరులో ఆత్మకూరు డాక్టరు చెవుల్లో లైటు వేసి చూసి, ఇంకా మునిగితే ఉన్న వినికిడి కూడా పోతుందని చెప్పాడు.

"ఇంకొక్క మునక. అదీ సముద్రంలో. ఆపైన మానేస్తాను" అని యేసురత్నం లిదియమ్మకు మాటిచ్చాడు. ఆ ఒక్కటీ షైనీ చూడాలని ఆయన పట్టు. అప్పటికి చార్జీలు మళ్ళీ పెరిగి ఉన్నాయి. చేతిలో ఉన్నది ఒక నిండు టికెట్టుకూ ఒక అర టికెట్టుకూ రానూపోనూ సరిపోతుంది, అంతే.

షైనీ పీలగా ఉంటుంది. పన్నెండు నిండితే అర టికెట్టు చెల్లదు; ఆ పిల్లకు నిండాయంటే ఎవరూ నమ్మరు. కానీ ఆ రోజు బస్సులో కండక్టరు శాంతికుమార్, వాళ్ళ చర్చిలో పాటలు పాడే అబ్బాయి.

"ఒక ఫుల్లు, ఒక ఆఫ్ కొట్టబ్బాయా" అన్నాడు యేసురత్నం.

శాంతికుమార్ ఇబ్బందిగా నవ్వాడు. "అన్నా, పాప ఈస్టర్‌కి బాప్తీస్మం తీసుకునింది గదా. చెరువు గట్టు మీద నిలబడి పాట పాడింది నేనే. పన్నెండు నిండకుండా మన సంఘంలో ఇయ్యరు గదా."

యేసురత్నం బిత్తరపోయాడు. చెరువులో పాస్టరు గారి పక్కన నిలబడి బిడ్డను పట్టుకున్న మనిషి, ఆ సంగతే మరిచిపోయాడు. నువ్వైనా ఏదో ఒకటి చెప్పమన్నట్టు షైనీ వైపు చూశాడు.

షైనీ తల వంచుకుంది. "పదమూడు నడస్తా ఉండాది మామా" అంది.

ఆ బాప్తీస్మం ఇంకో ఏడాది ఆగితే ఏం పోయేదని నాకు ఇప్పటికీ కోపమే.

"చెకింగ్ వస్తే నా ఉద్యోగం పోతాదన్నా" అని శాంతికుమార్ బతిమాలుకున్నాడు. సముద్రం దాకా రెండు నిండు టికెట్లు కొంటే తిరిగొచ్చే దారి లేదు. కలిగిరిలో దిగి ఇంటికి మళ్ళిపోదామని యేసురత్నం సంచీ సర్దుకున్నాడు.

వెనక సీట్లో జలదంకి రైతు ఆదినారాయణ ఇదంతా విన్నాడు. "బావుల్లో మునిగే యేసురత్నానివి గదా? మా ఫుట్‌వాల్వు ఊడి బావిలో పడింది, పైరు ఎండిపోతా ఉండాది. జలదంకిలో దిగి తీసిపెట్టు. మీ ఇద్దరికీ సముద్రానికి పోనూ రానూ చార్జీ నాది."

యేసురత్నం సంచీ మళ్ళీ కింద పెట్టాడు. తర్వాత కూతురి వైపు చూసి, "సరే" అన్నాడు.

ఆ బావి లోతు, అడుగున బురద. నాయన పనిచేస్తుంటే షైనీ చూడడం అదే మొదటిసారి. మునిగాడు, చిక్కలేదు. మళ్ళీ మునిగాడు. ఎంతకీ తేలకపోతే షైనీ బావిలోకి వంగి "నాయనా!" అని అరిచింది. ఇనుప ముక్కను రొమ్ముకు అదుముకుని ఆయన తేలాడు. ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది.

"పద, కావలి బస్సు వచ్చేస్తాది" అన్నాడు తువ్వాలుతో తుడుచుకుంటూ.

ఆదినారాయణ మాట తప్పలేదు, అన్నం కూడా పెట్టించాడు. పొద్దు వాలేలోగా తండ్రీకూతుళ్ళు తుమ్మలపెంట చేరారు. షైనీ పావడా ఎత్తిపట్టుకుని మోకాటి లోతు దాకా పరిగెత్తింది. అలల్లో ఎగిరి, నవ్వి, వెనక్కి తిరిగి చూసింది. యేసురత్నం ఇసుకలో కూలబడి ఉన్నాడు. చొక్కా కూడా విప్పలేదు.

"రా నాయనా! మునగవా?"

ఆయనకు వినపడలేదు. షైనీ దగ్గరికొచ్చి కుడి చెవిలో మళ్ళీ అడిగింది.

"నా మునక జలదంకిలోనే అయిపోయింది గదమ్మా" అని, తుప్పు అంటిన చేతులు ఇసుకలో రుద్దుకున్నాడు.