కొసకు కట్టిన వల

కనకవ్వకు కుందేలు కూర మీద ఎన్నడూ పెద్ద మోజు లేదు. ఎముకలు సన్నం, గొంతులో గుచ్చుకుంటాయనేది. అయినా ఆ ఏడు ఉగాది దగ్గర పడుతున్న కొద్దీ ఆమె ధ్యాసంతా ఆ కూర మీదే ఉంది. నిజానికి కూర మీద కాదు, విస్తరి మీద.

లక్సెట్టిపేటకు అవతల అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో, సాలెవాడకు ఒక ఆచారం ఉండేది. ఉగాది మర్నాడు మగవాళ్లు మగ్గాలు ఆపి వేటకు పోయేవాళ్లు. ఇంటికొక జనపతాడు వల. వాటిని కొసకు కొస కలిపి అడవిలో అడ్డంగా కట్టి, అటుపక్క నుంచి డప్పులు కొడుతూ జంతువులను తరిమేవాళ్లు. వలలో పడ్డది కుందేలు కానీ, అడవిపంది కానీ, ముళ్లపంది కానీ, పోచమ్మ గుడి ముందు ఒకే గుండిగలో ఉడకాలి. సాయంత్రం ఆడవాళ్లు, పిల్లలు అందరూ వచ్చి బంతిలో కూర్చునేవాళ్లు. వల కట్టిన ఇంటికే మోదుగాకు విస్తర్లు పడేవి. ఎవరింటి వలైనా ఒక ఏడు రాలేదంటే ఆ ఇంటి పొయ్యి చల్లబడిందనే లెక్క.

కనకవ్వ భర్త సిద్దిరాములు షోలాపూర్‌కు మిల్లు పని కోసం పోయి, అక్కడే జ్వరంతో కన్నుమూశాడు. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు అది. ఉన్నది ఒక్కతే బిడ్డ నర్మద, ఇంకా పలకా బలపం పట్టని పిల్ల. పక్క వాకిట్లోనే సిద్దిరాములు అన్న హనుమంతు, కనకవ్వకు బావ, ఉండేవాడు. వాడకు పెద్దమనిషి, మాట తక్కువ. ఆయన భార్య చంద్రవ్వ ఒకనాడు బియ్యం చెరుగుతూ అన్నది.

"ఈ యేడు మా బంతిల కూసో కనకవ్వా. మా విస్తట్లనే బువ్వ పెడుత. ఎవ్వలన్న కాదంటరా?"

ప్రేమతోనే అన్నది. కనకవ్వకు మాత్రం గుండెలో ముల్లు దిగినట్టయింది.

"మీ విస్తట్ల తింటే మీ ఇంటి మనిషినైత అక్కా. మరి ఆయన ఇల్లేమాయె?"

ఆ మధ్యాహ్నమే అటక మీది వల దించింది. నడిమధ్యన ఎలుకలు కొరికి, గంప దూరేంత కంత పడింది. వల ముడి మగవాళ్ల విద్య. తండ్రి కొడుక్కు నేర్పేవాడు తప్ప ఆడవాళ్లు ఆ పక్కకు పోయేవాళ్లు కారు. ఎవరినైనా అడిగితే, నీకెందుకీ వల అంటారు. అందుకని తనకు తెలిసిన పని చేసింది. మగ్గం మీద పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ఆ పోగుల కొసలను ఈ పోగులకు అతకాలి కదా. వేళ్లకు బూడిద అద్దుకుని, కొసా కొసా కలిపి పురి తిప్పడంలో ఆ వాడలో కనకవ్వను మించిన చెయ్యి లేదు. వల కంతను కూడా అట్లాగే పూడ్చింది. ముడి లేదు, అంతా పురే. దాని మీద చిక్కటి గంజి పట్టించి ఎండలో ఆరబెట్టింది. ఎండాక లాగి చూస్తే ఇనుప తీగెలా బిర్రుగా ఉంది.

చుట్ట చుట్టి హనుమంతు వాకిట్లోకి పట్టుకుపోయింది. వేటకు పోయే మగవాళ్లంతా అక్కడే ఉన్నారు. పర్శరాములు, వరసకు మరిది, ఊరుకునే మనిషి కాదు.

"వల సరే వదినా, వల యెంట ఉరికేదెవ్వలు? గోచి వెట్టుకొని నువ్వొస్తవా?"

అందరూ నవ్వారు. కనకవ్వ తల ఎత్తకుండానే అన్నది. "నీకంటె మంచిగనే ఉరుకుత తియ్యి. పోయినేడు పంది ఎదురొస్తె చెట్టెక్కినోనివి నువ్వేగద?"

ఈసారి నవ్వు పర్శరాములు మీదికి మళ్లింది. హనుమంతు మాత్రం నవ్వలేదు. "ఆడ వెట్టిపో" అన్నాడు.

వేటనాడు ఆడవాళ్లు గుడి ముందు పొయ్యి రాజేసి, ఉల్లిగడ్డలు కోసి, కారం నూరి పెట్టుకున్నారు. కూరకు తోడుగా వంకాయలు. జంతువు పడిందంటే అల్లంత దూరం నుంచే డప్పు మోగాలి. పొద్దు వాలుతున్నా చప్పుడు లేదు. చివరికి మగవాళ్లు తల వంచుకుని వచ్చారు. పర్శరాములు చేతిలో ఒకే ఒక కౌజుపిట్ట వేలాడుతోంది.

"ఒక్కటే లేచింది కుందేలు. మేకపిల్లంత ఉన్నది!" చేతులు చాచి చూపించాడు. "మా వదిన వలలకెళ్లి దర్వాజలకెళ్లి పోయినట్టు పోయింది. జర ఆగి ఎనుకకు మల్లి సుత చూసింది."

వల తెచ్చి ఆమె ముందు పడేశారు. కనకవ్వ చేతిలోకి తీసుకుంది. తను తిప్పిన పురి అంతా విడిపోయి పీచులు లేచింది. తాడు పచ్చగా, తడితడిగా ఉంది.

"నీళ్లెవ్వలు చల్లిండ్రు?" అన్నది సన్నగా.

"పసుపునీళ్లు చల్లకుంట వల కడుతరా?" అన్నాడు ముసలి అంజన్న. మగవాళ్లు గుడి వెనుక చేసే ఆ పూజ సంగతి కనకవ్వకు ఎట్లా తెలుస్తుంది? గంజి నీళ్లకు కరుగుతుందని తెలియని సాలె ఆడది ఎక్కడా ఉండదు. వలకు నీళ్లు తగులుతాయన్నదే ఆమెకు తెలియదు.

అంజన్న కోపం చల్లారలేదు. "ఏడాదికొక్క పండుగ, వంకాయల పాలు చేసింది. కుందేలును ఆపలేని వల వలెట్లయితది? ఆ విస్తరి తియ్యిండ్రి."

కనకవ్వ నర్మద చెయ్యి పట్టుకుని లేచింది.

"కూసో" అన్నాడు హనుమంతు. ఎవరికి చెప్పాడో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. "నీళ్లు చల్లింది నేనే. చల్లంగనె చేతికి గంజి అంటింది. వల ఆగదని నాకు గప్పుడే ఎరుకైంది."

"ఎరుకై ఎట్ల కట్టినవే?" అంజన్న నోరు తెరిచాడు.

"కట్టకుంటె ఆమెకు విస్తరుండది గద. అందుకే కొసకు, బండలకాడ కట్టిన. మా తాత నాటి నుంచి గాడికి ఒక్క కుందేలన్న వచ్చిందా? రాలే. గియ్యాల్నే రావాల్నా దానికి!"

ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం వాడ వాళ్లు ఎన్నడూ వినలేదు. ముందు పర్శరాములు కిసుక్కున నవ్వాడు. తర్వాత అందరూ. నవ్వు తగ్గాక హనుమంతు అన్నాడు. "వల కట్టినం. కట్టిన ఇంటికి విస్తరి. కుందేలు పడ్డోనికే విస్తరంటె, అంజన్నా, నీ వలల ఎన్నడు పడ్డది?"

అంజన్న కండువా దులుపుకుని బంతిలో కూర్చున్నాడు.

వాడంతటికీ ఒక్క కౌజుపిట్ట. అది గుండిగలో ఈత కొట్టి పోయిన పులుసు అని పర్శరాములు అంటే, పొలమారేదాకా నవ్వారు. ఎవరి విస్తరిలో చూసినా వంకాయే. బంతి చివర కనకవ్వ విస్తరిలో మాత్రం, నర్మద వైపున, అన్నం కింద చిన్న పిట్టకాలు ఒకటి కనిపించింది. గరిటె చంద్రవ్వ చేతిలో ఉంది. కనకవ్వ తలెత్తి చూస్తే ఆమె అప్పటికే పక్క విస్తరికి పోయింది. కాలు బిడ్డకు తినిపించి, కనకవ్వ పులుసుతో అన్నం కలుపుకుంది. అంత రుచి అంతకుముందు ఏ వేట కూరలోనూ ఎరగదు.

మర్నాడు హనుమంతు జనపతాడు ఉండ పట్టుకుని వచ్చి ఆమె అరుగు మీద కూర్చున్నాడు. బావ ముందు మరదలు నిలబడే రోజులు కావు అవి. ఆయన వీధి వైపు ముఖం పెట్టి, తన వల బాగుచేసుకుంటున్నట్టే, ముడి ముడీ నిదానంగా వేశాడు. వేసింది విప్పి మళ్లీ వేశాడు. కనకవ్వ తలుపు వెనుక నిలబడి, ఆయన భుజం మీదుగా ఆ వేళ్లనే చూసింది. పొద్దెక్కేసరికి ఆమెకు ముడి వచ్చేసింది.

ఆ తర్వాత ఎన్ని ఉగాదులో. అడవి పలచబడి, అడవి కాపలా చౌకీదార్లు వేట మాన్పించేదాకా కనకవ్వ వల ఏటా వరుసలో ఉంది. గట్టి ముడులు, కొత్త తాడు. అయినా బండల దగ్గరే కట్టేవాళ్లు. జాగా మార్చమని ఆమె అడగలేదు, మారుస్తానని హనుమంతు అనలేదు. అక్కడికి ఇంకో కుందేలు మాత్రం రాలేదు.

"ఏమాయె వదినా, నీ కుందేలు వచ్చిందా?" అని పర్శరాములు ఏటా బంతిలో అడిగేవాడు.

"వస్తది తియ్యి" అనేది కనకవ్వ, విస్తరి ముందు మఠం వేసుకుని కూర్చుంటూ. "దానికి తొవ్వ ఎరుకేగద."