జానెడు చోటు

మొన్న గురువారం నంద్యాల మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుండగా ఆళ్లగడ్డ నుంచి ఫోనొచ్చింది. "నాయన పోయినాడు చిన్నాయనా," అంది మా పెయింటు మేస్త్రీ కూతురు. సంచీ అక్కడే వదిలేసి బస్సెక్కాను. సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను.

విశాఖ తీరంలో ఒక నౌకాదళ డిపోలో ఆ మేస్త్రీ, నేను ఇరవై ఏళ్లకు పైగా కలిసి పనిచేశాం. ఆయన పెట్టెల మీద, పీపాల మీద నంబర్లు వేసేవాడు. నేను స్టోర్సులో ఉండేవాణ్ణి. తోటివాళ్లలో ఎవరైనా పోతే, మధ్యాహ్నం అన్నం వేళ, మిగిలిన బూడిదరంగు పెయింటుతో షెడ్డు వెనక గోడ మీద పేరు రాసేవాడు. ఎవరూ చెప్పిన పని కాదు. హోదా మాత్రం రాయడు. "పోయినోళ్లకు గ్రేడు యాడిదప్పా?" అనేవాడు. తర్వాత మమ్మల్ని నిలబెట్టి, ఆ మనిషి గురించి తలా ఒక మంచి మాట చెప్పించేవాడు. తనతో ఎప్పుడూ కీచులాడిన ఫోర్‌మన్‌ పోయినప్పుడు కూడా, "ఎవురికీ ఒక్క మెమో ఇయ్యలేదు, అది జెప్పండి," అని తానే అందించాడు.

ఒక తుఫానుకు ఆ గోడ కూలింది. కొత్త గోడ లేచాక పేర్లన్నీ జ్ఞాపకం మీద మళ్లీ రాశాడు. ఒక్కటి గుర్తు రాలేదు. కొన్ని నెలలే పనిచేసి జ్వరంతో పోయిన తాళ్ల పనివాడిది. దానికోసం జానెడు చోటు వదిలాడు.

రిటైరై ఆళ్లగడ్డకు వచ్చినా ఆ చోటు ఆయన్ను నిలవనీయలేదు. వారం వారం ఫోను. "గుర్తొచ్చిందా? అన్నం తింటాంటే ఆ మొగం కండ్ల ముందరే ఉంటాది. పేరే రాదు." "కనుక్కుంటాలే అన్నా," అనేవాణ్ణి. కనుక్కోలేదు. పోయిన వారం ఆయన నంబరు చూసి కూడా ఎత్తలేదు.

ఇంటి ముందు అందరూ పాస్టరు కోసం కాచుకుని ఉన్నారు. నాకు నిలబడబుద్ధి కాలేదు. వీధిలోకి వచ్చి, విశాఖలో ఉన్న మా పాత క్రేను ఆపరేటరుకు ఫోను చేశాను. మేస్త్రీ పోయిన సంగతి చెప్పాను. ఆ తాళ్ల పనివాడి పేరు అడిగీ అడగకముందే చెప్పాడు. "పైడయ్య కదేటి! రేపే గోడ మీద రాయించేత్తాను, ఇద్దరి పేర్లూని."

ఒక్క ఫోను. ఇన్నేళ్లలో నేను చేయనిది అంతే.

లోపలికెళ్లి ఆయన చెవి దగ్గర వంగాను. "అన్నా, పైడయ్య."

పక్కనున్న కూతురు విన్నది. "ఈ పేరు కోసమేనా, నాయన ఇల్లంతా తిరుగులాడింది?"

తలూపాను. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

సమాధుల తోటలో పిడికెడు మట్టి వేస్తుంటే ఆమె పెదవులు కదిలాయి. ప్రార్థన అనుకుని పాస్టరు తల వంచాడు. నేను దగ్గరే ఉన్నాను. మరిచిపోకూడదని, ఆ పేరే అంటోంది, మళ్లీ మళ్లీ.