తీర్పు రాని నవల

గూడూరులో సైకిలు మీద పుస్తకాలు అద్దెకిచ్చే అబ్దుల్ రజాక్ ఒక కొత్త పుస్తకం బాగుందన్నాడంటే ఇక దాని మీద అప్పీలు లేదు. వానాకాలం మొదట్లో మద్రాసు నుంచి పార్సెలు దిగితే చాలు, ఆడవాళ్లు ఆయన సైకిలు గంట కోసం గుమ్మాల్లో కాచుకొని ఉండేవారు. ఆ తీర్పులు ఆయనవి కావని మాత్రం ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, దారంతో కట్టిన కళ్లజోడు తగిలించుకొని, నవలైనా యాత్రల పుస్తకమైనా భార్య నూర్‌బీకి చదివి వినిపించేవాడు. ఆడపాత్రలకు గొంతు సన్నం చేసేవాడు. అక్షరం రాని ఆ న్యాయమూర్తి మేలుకొని వింటే పుస్తకం మంచిది. కునుకు తీసిందా, అది కట్ట అడుక్కి పోవలసిందే.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో పార్సెలు వచ్చేటప్పటికి నూర్‌బీ మంచం పట్టి ఉంది. అయినా, "పైనుండేది తీసి చదవండి, ఇంటా" అంది. కథానాయిక రైలెక్కబోతుండగా ఆమె కళ్లు మూతపడ్డాయి. "ఇది తేలిపోయే రకమని నాకు ముందే తెలుసు" అంటూ రజాక్ పుస్తకం మూసి, కట్ట అడుగున పెట్టి, టీ కాచుకొచ్చి లేపాడు. ఆమె లేవలేదు.

నూర్‌బీ ఆత్మ కోసం చదివించే ఫాతిహాలన్నీ అయ్యాక మళ్లీ సైకిలెక్కాడు. వకీలు గారి భార్య కట్ట అడుగునున్న నవల బయటికి లాగింది. "దీన్ని అడుగున పెట్టినారే సాయిబు గారూ, బాగలేదా?"

రజాక్ దాని అట్టను పైకండువాతో చాలాసేపు తుడిచాడు.

"అట్లనబాకండమ్మా. దాని తప్పేం లేదు. నేనే తొందరపడి మూసినాను."