ఎండకు తాళం

ఈ పొద్దున మా అపార్ట్‌మెంట్ మేడమీదికెళ్ళే తలుపుకు తాళం చూడగానే ఒళ్ళు మండిపోయింది.

రాజపాళయంలో నూలు మిల్లుల పక్కన పెరిగినవాళ్ళకు గుర్తుందా, కిటికీ ఊచల మీద పేరుకునే దూది నుసి, అదే పంజు దూసి? దానికి నాకు ఆయాసం వచ్చేది. అవ్వ నన్ను వడియాలు ఆరే మేడమీదికి తీసుకెళ్ళి, "ఇంట్లో అంతా పంజు దూసి, కన్నా. ఈడనే ఎండలో ఆడుకో" అనేది. కాసేపటికి ఊపిరి తేలికయ్యేది.

ఇప్పుడు నా కూతురికీ అదే ఆయాసం. మందుతోపాటు పొద్దుటెండలో ఆడించమని డాక్టరమ్మ చెప్పింది. తాళం తీయమంటే అపార్ట్‌మెంట్ సెక్రటరీ, "పిల్లోళ్ళు వస్తే సోలార్ ప్యానెల్ పగిలిపోతాదమ్మా" అన్నాడు.

"మీ ప్యానెల్‌కు ఎండ కావాల, నా బిడ్డకు వద్దా సార్?" అని అరిచాను.

కింద ఎండ పడేది అతను కారు నిలిపే చోట మాత్రమే. అక్కడే చాప పరిచి పాపను కూర్చోబెట్టాను. అతను కారు తెచ్చి హారన్ కొట్టాడు. మేము లేవలేదు.