పదహారు సెకన్ల సన్మానం

మా మేనత్తకు పతకం ఇస్తున్నారన్న కబురుకు ఇంట్లో అందరూ సంతోషించారు, అత్త తప్ప. ఆమె ఆహ్వానపత్రం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"ప్రార్థన ఉండాది. స్వాగతం ఉండాది. అధ్యక్షుల ఉపన్యాసం ఉండాది. వందన సమర్పణ గూడా ఉండాది. నేను మాట్లాడేది యాడుండాది రా?"

"పతకం తీసుకునేవాళ్ళు మాట్లాడరత్తా. నమస్కారం పెట్టి దిగి రావాల."

"అయితే నన్నెందుకు పిలిచేది? పోస్టులో పంపిస్తే పోలేదా?"

అత్త పేటలోని ప్రసూతి ఆసుపత్రిలో పెద్ద నర్సు. కాన్పులు చేయడం ఆమె పని. స్త్రీల వృత్తి ప్రతిభకూ ప్రజాసేవకూ ఆ పతకం ఇచ్చేది ఒక మహిళా సమాజం. చేతికి అందించేది నగరసభ పెద్ద అధికారి. అత్తకు కావలసింది పతకం కాదు, ఆ అధికారి. కాన్పుల గదిలో కొళాయి లేదు. పెరట్లోని తొట్టి నుంచి బకెట్లతో నీళ్ళు మోయాలి. కొళాయి వేయించమని ఆమె నగరసభకు ఏళ్ళ తరబడి రాస్తూనే ఉంది, "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వస్తూనే ఉంది. వచ్చే ఏడు ఆమెకు రిటైర్మెంటు. ఆలోగా ఆ గదిలో నీళ్ళు పారడం చూడాలని ఆమె పంతం.

సమాజం వాళ్ళకు వేరే చిక్కు వచ్చిపడింది. పతకం వెనక పిన్ను ఉంది. అది కోట్లు తొడిగే మగవాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసినది. పరాయి మగవాడు ఆడమనిషి పైటకు పిన్ను గుచ్చడం ఎట్లా? నేను అప్పుడే ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి, సభకు దీపాలు అమర్చే పని ఒప్పుకున్నాను. సాంకేతిక విషయం కదా అని నన్నూ ఆ చర్చకు పిలిచారు. నేను మూడు ఉపాయాలు కొలతలతో సహా గీసి ఇచ్చాను. ఒకటి, చివర కొక్కెం ఉన్న పొడవాటి కడ్డీ. రెండు, మెడలో వేసే గొలుసు. మూడు, మఖమలు పెట్టె. కార్యదర్శిగారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కడ్డీ బొమ్మను చాలాసేపు చూసి, "ఇది సన్మానం చేసేదానికా, మామిడికాయలు కోసేదానికా నాయనా?" అన్నారు. పెట్టె ఖాయమైంది.

ఇక ఫోటో. యుద్ధం మూలంగా ఫ్లాషు బల్బులు దొరకడం లేదు. ఉన్న దీపాల వెలుతురుకు నాలుగు సెకన్లు పడుతుందని, అంతసేపూ ఇద్దరూ పెట్టె పట్టుకుని కదలకుండా నిలబడాలని మా వీధి స్టూడియో ఆయన చెప్పాడు. ఆ మాట నేను భోజనాల దగ్గర చెప్పాను. అత్త చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఆయన కదలగూడదా?"

"కదిలితే ముఖం చెదిరిపోతాది."

"పెట్టె వదలగూడదా?"

"వదలగూడదు."

"నాలుగు సెకన్లు చాలదప్పా. పెంచలేవా?"

"వేదిక మీద సగం దీపాలు ఆర్పితే ఎనిమిది. లెన్సు రంధ్రం ఒక మెట్టు తగ్గిస్తే పదహారు."

"రెండూ చెయ్యి. మీ నాయన నీకు కట్టిన ఫీజు ఇప్పుడు గిట్టింది."

రంధ్రం తగ్గిస్తే చీర అంచు దగ్గర్నుంచి వెనక తెర దాకా అన్నీ స్పష్టంగా వస్తాయని నేను స్టూడియో ఆయనకు నచ్చజెప్పాను. అది నిజమే కూడా.

సభ రోజు నేను తెర పక్కన స్విచ్చుల దగ్గర ఉన్నాను. అధికారి పెట్టె అందించాడు. అత్త అవతలి కొస పట్టుకుంది. నేను సగం దీపాలు ఆర్పాను. స్టూడియో ఆయన నల్లగుడ్డలోంచి తల బయటికి తీసి, "కదలొద్దు!" అని లెన్సు మూత తీశాడు.

"సార్," అంది అత్త, పెదవులు ఆడించకుండా. అధికారిది ఆనేకల్ వైపు, ఆఫీసులో ఏ భాష మాట్లాడినా ఇంట్లో తెలుగే. "కాన్పుల గదిలో కొళాయి లేదు."

"తర్వాత మాట్లాడదామమ్మా," అన్నాడాయన నవ్వు చెదరనీయకుండా, పళ్ళ మధ్యనుంచి.

"తర్వాత మీరు దొరకరు. బిడ్డ బయటికొస్తా ఉంటే నేను బకెట్టు ఎత్తుకోని పరిగెత్తాల్సొస్తాది. ఏయిస్తారా, ఏయించరా?"

ఆయన పెట్టె వదలబోయాడు. "కదలొద్దు సార్!" అని కేక వచ్చింది. అత్త పెట్టెను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఊరికే తలూపండి సార్, చాలు."

ఆయన తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. మూత పడింది, జనం చప్పట్లు కొట్టారు.

కొన్ని వారాలు గడిచాయి. కొళాయి రాలేదు. అత్త ఫోటోనూ నన్నూ వెంటబెట్టుకుని నగరసభ ఆఫీసుకు పోయింది.

"అయ్యగారు ఒప్పుకున్నట్లు యాడా లేదమ్మా," అన్నాడు హెడ్ గుమాస్తా.

అత్త ఫోటో బల్ల మీద పెట్టింది. అందులో ఆమె శిలలా నిలబడి ఉంది, చీర అంచులో పువ్వులు కూడా లెక్కపెట్టవచ్చు. అధికారికి మెడ వరకు అంతా బాగుంది. పైన తెల్లటి మసక.

"చూడప్పా, ఔనని తలూపినాడు."

"ఇది అడ్డంగా ఊపినట్లుండాది. అంటే లేదని."

నేను జేబులోంచి స్కేలు తీసి కొలిచాను. మసక అడ్డంగానూ లేదు, నిలువుగానూ లేదు, ఏటవాలుగా ఉంది. నిలువు కొంచెం ఎక్కువని నా అభిప్రాయం చెప్పాను. గుమాస్తా స్కేలు లాక్కుని తనూ కొలిచాడు.

"అడ్డం గూడా ఉండాది గదా, ఇంజినీరు సామీ?"

అత్త మా ఇద్దరినీ విసుగ్గా చూసింది. "ఏమప్పా, నీకు పెండ్లయిందా?" అని అడిగింది.

"అయిందమ్మా," అన్నాడు గుమాస్తా. అంటూ తల ఊపాడు, ఏటవాలుగా.

ఆఫీసంతా నవ్వింది. ఆ గోలకు అధికారి గది తలుపు తెరుచుకుంది. ఆయన వచ్చి ఫోటో చేతిలోకి తీసుకున్నాడు.

"నా ముఖం యాడ?"

"సమాజం వాళ్ళు దీన్నే వార్షిక సంచికలో వేస్తారంట సార్," అంది అత్త.

"వేయగూడదు! ఇంకొకటి తీయించండి."

"అట్లే తీయిద్దాం సార్. కొత్త కొళాయి పక్కన నిలబడి తీయిద్దాం."

అధికారి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా ఫైలు వెతకడానికి లేచాడు.

ఆ రెండో ఫోటో మా ఇంట్లోనే ఉంది. కాన్పుల గది ఖాళీగా ఉన్న పూట తీశాం. అక్కడ వెలుతురు తక్కువ, లెన్సు మూత చాలాసేపు తీసి ఉంచాల్సి వచ్చింది. అధికారి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, మీసాలు కూడా స్పష్టంగా పడ్డాయి. కొళాయి నీళ్ళు తెల్లటి దారంలా వచ్చాయి. అత్త ఉండాల్సిన చోట మాత్రం చీర మసక ఒకటి తలుపు వైపు సాగి ఉంది. మూత తీసిన కాసేపటికే బయట జట్కా ఆగింది, అందులోంచి నొప్పులు పడుతున్న ఆడమనిషి కేక పెట్టింది.

"కదలొద్దమ్మా!" అని స్టూడియో ఆయన అరిచాడు.

"నువ్వుండప్పా!" అంటూ అత్త వెళ్ళిపోయింది.